రెండు వంకరకోలలు

మా యింటి వీధితలుపు వెనుక రెండు కోలలు గోడకు జేరవేసి యున్నవి. రెండును కొన వంగినవే. రెండును బంతి గొట్టుటకై చేయబడినవే. ఒకదాని తల సన్నమై ముక్కోణముగా జెక్కబడినది. రెండవదాని తల వెడల్పై పలుచనై మన వంటింటి యట్లకాడను బోలియున్నది. మొదటిది మా పిల్లవానిది. దాని యాట షింటీ. రెండవది నా చెల్లెలి కూతురు విడిచిపోయినది. దాని యాట హర్లింగు. ఆడపిల్ల లాడునప్పుడు దానినే కమోగీ యందురు. ఇంటిపనులు చూచుకొను స్త్రీ యాటలనుగుఱించి వ్రాయబూనుట కొందఱకు వింతగా దోపవచ్చును. కాని మా యక్కచెల్లెండ్ర మధ్య రెండేండ్లుగా బిగిసియున్న ముడి యీ కోలలవలన గొంత వదులయ్యెను. ఆ సంగతి చెప్పవలెనన్న ఆటల సంగతియు జెప్పక తప్పదు.

మా నాయనగారు మా యిద్దఱికిని ఇంటియొద్దనే చదువు చెప్పిరి. తెల్లవారుజామున భారత భాగవతములు, సాయంకాలము అమరకోశము. నేను పుస్తకము చేత లేనిదే యొక పద్యమైన జెప్పలేకుండెడిదానను. చెల్లెలు పుస్తకమువంక జూడనే జూడదు. ఒక్కమాఱు విన్నచో మఱునాడు వాకిలి యూడ్చుచు దానిని రాగముతో జదివెడిది. నాయనగారు మా యిద్దఱిలో నెవరిని మెచ్చుకొనిరో నేటికిని మాకు దెలియదు.

పెండ్లిండ్లయి దూరదేశములకు బోయితిమి. మా వారు స్కాట్లండు ఉత్తరభాగమందలి ఇన్వర్నెస్సు పట్టణమున గణితోపాధ్యాయులు. చెల్లెలి భర్త ఐర్లండులోని కిల్కెన్నీయందు వైద్యుడు. మా కొక కుమారుడు, పండ్రెండేండ్లవాడు. దాని కొక కూతురు, వానికంటె ఒక యేడు చిన్నది.

ఇప్పటికి కొన్ని యేండ్ల క్రిందట నొక దీపావళినాడు ఫోనులో మాటలాడుకొనుచుంటిమి. చెల్లెలి కూతురు మిక్కిలి సంబరముతో, "పెద్దమ్మా, నేను దీపం వెలిగించాడు!" అనెను. నేను నవ్వి దిద్దితిని. అంతటితో నూరకుండక, "దీనికి అక్షరములైన నేర్పితివా?" అని చెల్లెలి నడిగితిని. లేదనెను. నా నోట వెంటనే యీ మాట వచ్చెను: "నాయనగారు నీకిచ్చిన యక్షరములను సముద్రములో గలిపితివా?"

చెల్లెలు కొంతసేపు పలుకలేదు. పిమ్మట మెల్లగా ననెను: "నీ కొడుకు అక్షరాలన్నీ చదువుతాడు. కాని నన్ను పిన్నీ అని పిలవడానికి వాడికి నోరు రాదు. అద్దాల బీరువాలో పెట్టిన పుస్తకానికీ వాడికీ తేడా ఏముంది, అక్కా?"

ఆ మాట నిజము. నిజమగుటచేతనే నేను సహింపలేకపోతిని. మావాడు భాగవతము కూడబలుకుకొని చదువును గాని, తెలుగున నొక్క ప్రశ్న యడిగినచో తలవంచి యింగ్లీషున బదులు చెప్పును. ఆనాటినుండి రెండేండ్లు మా మధ్య పండుగ శుభాకాంక్షలు తప్ప వేఱు మాట లేదు.

ఇక ఆటల సంగతి. షింటీ స్కాట్లండు ఉత్తరమందలి కొండనాటి యాట. పక్షమునకు 12 మంది. పురుషుల పెద్దపోటీ 90 నిమిషములు. బంతి టెన్నిసు బంతియంత యుండును. లోన బెండు, పైన తోలు. కోల తల రెండున్నర అంగుళముల వలయములోనుండి దూరవలెనని నియమము. మనము గాజులకొట్టులో "రెండు-ఎనిమిది" యని యడుగు కొలత సరిగా నదియే. మావాని కోల నా గాజులో దూరునా యని నేను నిజముగా బరీక్షించి చూచితిని, దూరెను. మన హాకీలో కోలయొక్క చదునైన ప్రక్కనే వాడుదురు. షింటీలో రెండు ప్రక్కలను వాడవచ్చును, తలకు మించి యెత్తియు గొట్టవచ్చును. కాని బంతిని చేతితో ముట్టరాదు. గోలు కాచువా డొక్కడు అఱచేత నాపవచ్చును, అతడైనను బట్టుకొనరాదు. గోలు వెడల్పు 12 అడుగులు, ఎత్తు 10 అడుగులు. బంతి దానిలోనికి బోయిననే లెక్క. పైగా బోయినది వ్యర్థము. ఈ యాటకు నియమములు గూర్చి పాలించు కమనఖ్ సంఘము 1893లో కింగ్యూసీయను నూర నేర్పడెను. స్త్రీల షింటీకి ప్రత్యేకసంఘము 2001లో వచ్చెను.

హర్లింగు దీనికంటె విశాలమైన యాట. పక్షమునకు 15 మంది. జిల్లాల పెద్దపోటీలు 70 నిమిషములు. గోలుస్తంభములు హెచ్ అను నింగ్లీషక్షరమువలె నుండును. బంతి యడ్డకఱ్ఱకు క్రిందుగా బోయిన 3 అంకములు, పైగా బోయిన ఒక యంకము. ఇందు బంతిని చేత బట్టవచ్చును. పట్టి నాలుగడుగులకు మించి పోరాదు. వెడల్పైన కోల తలపై బంతిని నిలిపికొని యెంతదూరమైన బరుగెత్తవచ్చును. మన బడులలో చెంచాయందు నిమ్మకాయ నుంచుకొని పరుగెత్తు పందెము కలదుగదా. దానిని చుట్టును శత్రువులు కోలలెత్తి తఱుముచుండగా జేయుట యెట్లుండునో యూహింపుడు. 2010 నుండి ఈ యాటలో నందఱును తలకాపు ధరింపవలెనని నియమించిరి.

మా చెల్లెలు నివసించు కిల్కెన్నీ యీ యాటకు బుట్టినిల్లువంటిది. 2015 వఱకు ఆ జిల్లావారు అఖిల ఐర్లండు పోటీని 36 పర్యాయములు గెలిచిరి. విచిత్ర మేమన, ఆ కిల్కెన్నీయందే 1366లో చేసిన శాసనములు అచ్చటి ఆంగ్లేయులు ఈ యాట మాని విలువిద్య నభ్యసింపవలెనని విధించినవి. శాసనములు పోయినవి, ఆట నిలిచినది. 1884 నవంబరు 1వ తేదీని థర్లెసు పట్టణమున గేలిక్ క్రీడాసంఘ మేర్పడి దీనికి క్రొత్త బలము గూర్చెను. స్త్రీల కమోగీ 1904లో నారంభమయ్యెను. 2018లో యునెస్కో సంస్థ హర్లింగును కమోగీతోగూడ మానవజాతి సాంస్కృతిక సంపదల పట్టికలో జేర్చెను.

ఈ రెండు కోలలకును పేరొక్కటే. స్కాట్లండున "కమన్" అందురు. ఐర్లండున "కమాన్" అందురు. మూలమగు "కమ్" అను శబ్దమునకు వంకర యని యర్థము. ఆ రెండు దేశముల గేలిక్ భాషలును ఒక్క తల్లి బిడ్డలు. నడుమనున్న సముద్రము మిక్కిలి యిఱుకైనచోట సుమారు 20 కిలోమీటర్ల వెడల్పు మాత్రమే. ఒడ్డున నిలిచిన ఆవలి కొండలు గనబడును. అయినను శతాబ్దములు గడచునప్పటికి ఒక్క యాట రెండయ్యెను. కోలలు వేఱుగా వంగినవి, నియమములు వేఱుగా నేర్పడినవి.

ఐర్లండు పురాణకథలలో సెటాంటా యను బాలుడు కలడు. వాడు కోలతో బంతి గొట్టుకొనుచు దారినడచి, కూలన్ అను కమ్మరి యింటికి విందునకు బోయెను. కావలికుక్క వానిపై దుమికెను. బాలుడు బంతిని దాని గొంతులోనికి గొట్టి చంపెను. కమ్మరి తన యింటికి గావలి పోయెనని దుఃఖించెను. అప్పుడు బాలుడు, "ఆ కుక్కపిల్ల పెరిగి పెద్దదగువఱకు నీ యింటిని నేనే కాచెదను" అనెను. నాటినుండి వానికి కూలన్‌యొక్క కుక్క యను నర్థముగల కూహులిన్ అను పేరు వచ్చెను. ఈ కథ వినినప్పుడు నాకు మన యాదిపర్వమున బావిలో బడిన కందుకమును ద్రోణుడు తీసి రాకుమారుల కిచ్చిన ఘట్టము జ్ఞప్తికి వచ్చెను. అందు బంతిని తీసినవాడు గురువయ్యెను. ఇందు బంతి గొట్టినవాడు కావలివాడయ్యెను. తాను చెఱచినదానిని తానే కాచెదననుట నా మనస్సున నాటుకొనెను.

ఈ సోదరక్రీడలు రెండును అప్పుడప్పుడు కలిసికొనును. 1924లో డబ్లినున జరిగిన టెయిల్టియన్ క్రీడోత్సవములలో స్కాట్లండు ఐర్లండు జట్లు పోరాడినవి. నడుమ ఆగిపోయిన యీ పోటీ 1970 తరువాతి యేండ్లలో మరల మొదలయ్యెను. ఇన్వర్నెస్సులో నెస్సు నది యొడ్డుననున్న బుఖ్టు పార్కు వీనికి ముఖ్యస్థానములలో నొకటి. మా వివాదమునకు రెండేండ్లు నిండిన యక్టోబరులో ఆ పోటీ మా యూర జరుగుననగా, చెల్లెలి కూతురు తానును జూడవలెనని పట్టుపట్టెను. చెల్లెలు నాకు ఒక్క పంక్తి వ్రాసెను: "అక్కా, పిల్ల ఆట చూస్తానంటోంది. రావచ్చునా?" నేనును ఒక్క పంక్తియే వ్రాసితిని: "నీ యింటికి నీవు వచ్చుటకు అడుగుట యెందుకు?" వ్రాసితినే గాని, ఆ రాత్రి నిద్రపట్టలేదు.

వారు వచ్చిరి. పెద్దలము మర్యాదగా మాటలాడుకొంటిమి. కాఫీలో పంచదార చాలినదా యని నేనడుగుట, చాలినదని అది చెప్పుట. ప్రయాణమునుగుఱించియు చలినిగుఱించియు మాటలు నడచినవి. ఆ దీపావళి మాట యెత్తినవారు లేరు.

మఱునాడు ఆట చూడబోయితిమి. ఎవరి కోల వారిదే గాని నియమములు మాత్రము సంధిచేసికొన్నవి. సగమునకు 35 నిమిషములు. హర్లింగులోవలె క్రిందుగా బోయిన 3, పైగా బోయిన ఒకటి; నేలపై నిలిపిన బంతిని నేరుగా నడ్డకఱ్ఱపైగా గొట్టిన 2. షింటీలోవలె గోలు కాచువాడు తప్ప నితరులు బంతిని చేత బట్టరాదు, కాలితో తన్నరాదు. ఐర్లండువారు తమ చేతిని విడిచిరి. స్కాట్లండువారు తమ లెక్కను విడిచిరి. ఒక్కరే విడువవలసివచ్చిన యీ యాట సాగియుండదని మా వారు చెప్పిరి.

నేను బంతిని జూచుట తక్కువ, మనుష్యులను జూచుట యెక్కువ. బంతి గాలిలో వచ్చునప్పుడు ఐర్లండు యువకుని యెడమచేయి దానంతట నదియే పైకి లేచును. పుట్టినది మొదలు నేర్చిన యలవాటు. సగము లేచి, జ్ఞప్తికి వచ్చి, క్రిందికి దిగును. స్కాట్లండువాడు గోలుముందు నిలిచి బంతిని లోనికే కొట్టజూచును. దానిని తేలికగా పైగా నెత్తి ఒక యంకము సంపాదింపవచ్చునని వానికి తటాలున దోచదు. నేలపైనున్న బంతిని దూరమునకు గొట్టుటలో స్కాట్లండువారి సన్నకోల మేలైనది. బంతిని నేలనుండి యెత్తి నిలుపుటలో ఐర్లండువారి వెడల్పుకోల మేలైనది. ఎవరి నేర్పు వారిది. ఎవరి తడబాటును వారిదే.

ఇంటికి వచ్చిన పిమ్మట పిల్లలిద్దఱును పెరటిలో కోలలు పట్టుకొని దిగిరి. చెల్లెలును నేనును వంటింటిలో గుత్తివంకాయకు గారము నూఱుచుంటిమి. కిటికీ తెఱచియుండెను. మొదటి బంతినే ఆ పిల్ల చేత బట్టెను. మావాడు ఇంగ్లీషున గోలపెట్టెను.

"నాకు తెలుగులో చెప్పు, అన్నయ్యా! మా అమ్మ ఇక్కడ తెలుగే మాట్లాడమంది," అనెను ఆ పిల్ల.

కొంతసేపు నిశ్శబ్దము. నా చేతిలోని పొత్రము ఆగెను. తరువాత మావాని గొంతు తడబడుచు వినవచ్చెను: "చేత్తో... చేత్తో పడితే ఇంక కోల ఎందుకు?"

"చేత్తో పట్టకపోతే ఆట ఏముంది?" అని యది వెంటనే బదులు చెప్పెను.

చెల్లెలు నావంక జూచెను. నేను దానివంక జూచితిని. మా యిద్దఱి వాదమును ఆ పిల్లలు మాకంటె స్పష్టముగా జెప్పినట్లయ్యెను. కోలయే యాట యని యొకరు, చేయియే యాట యని యొకరు. అక్షరమే తెలుగని నేను, నోటిమాటయే తెలుగని అది.

పెరటిలో వాదము చాలసేపు నడచెను. కడకు మావాడు లోనికి వచ్చి కాగితము గొనిపోయి నియమములు వ్రాసెను. తెలుగున వ్రాసెను. ఎందుకు తెలుగున వ్రాసితివని తరువాత నడుగగా, "తెలుగులో ఆడుతున్నాం కదా" అనెను. ఆ పిల్ల కాగితము తీసికొని తలక్రిందులుగా బట్టుకొనెను. మావాడు నవ్వలేదు. కాగితమును సరిగా ద్రిప్పి, వ్రేలితో జూపుచు చదివి వినిపించెను. "ఒకటి. చెయ్యి ఒక్కసారే." అది యా మాటను వెంటనే నోటికి బట్టి పలికెను; పలికి, "'ఒక్కసారే' కాదు అన్నయ్యా, 'ఒక్కసారి మాత్రమే' అనాలి, అప్పుడు నువ్వు మోసం చెయ్యలేవు," అని దిద్దెను. దిద్దుబాటు సరియైనదే.

నే నప్పుడు చెల్లెలితో ననదలచినది చాల యుండెను. రెండేండ్లుగా మనస్సున గూర్చుకొన్న వాక్యములు, క్షమాపణలు, సమర్థనములు. నోట వచ్చినది మాత్రము, "నాడు నేనట్లు అనరాదు" అని యొక్కటే. చెల్లెలు వంకాయల జూచుకొనుచునే, "నేను అన్నదీ అంతే, అక్కా" అనెను. కొంతసేపటికి, "నాయనగారు ఉంటే ఏమనేవారో" అనెను. "ఏమియు ననక, రేపు తెల్లవారుజామున నలుగురిని లేపియుందురు" అంటిని. అప్పు డిద్దఱమును నవ్వితిమి. కారము ఘాటుచేత గాబోలు, కన్నులు తుడుచుకొంటిమి.

వారు పోవుటకు ముందు మేమును నియమములు చేసికొంటిమి. వారమునకొక్కమాఱు, ఆదివారమునాడు, పిల్లలిద్దఱును ఫోనులో మాటలాడుకొనవలెను. మావాడు భాగవతమునుండి ఒక కథ చదివి వినిపించును. ఆ పిల్ల విన్నదానిని తన మాటలలో మరల జెప్పును. దానికి మావాడు తెలుగుననే బదులు చెప్పవలెను. చెల్లెలు కూతునకు వారమునకు రెండక్షరములు నేర్పును. నేను నడుమ దిద్దరాదు. ఈ కడపటి నియమము పెట్టినది చెల్లెలు. తక్కిన నియమములన్నింటికంటె నాకు గష్టమైనదియు నిదియే. ఆ పిల్ల తన కోలను మా యింట విడిచి, "మళ్ళీ వచ్చినప్పుడు కావాలి" అనెను.

అంతయు సుఖాంతమయ్యెనని చెప్పను. కొన్ని యాదివారములు పిల్లలు విసిగికొందురు. మావాడు రెండుమాటలలో ముగించి పాఱిపోవును. చెల్లెలి యింట పండుగపనులనో పరీక్షలనో అక్షరములు వెనుకబడును. అప్పుడు నాకు గోపము వచ్చును. వచ్చినను, చెఱచినదాన నేనుగనుక కావలియు నాదే యని యా కమ్మరి యింటి బాలుని దలచుకొని యూరకుందును.

సోదరీమణులారా, మీలో ననేకులకు దూరదేశములందు అక్కచెల్లెండ్రో బిడ్డలో యుందురు. వారి పిల్లల నోట మన మాట వంకరగా వినబడినపుడు మీకును నావలెనే నాలుక దురదపెట్టవచ్చును. అట్టివేళ ఆ బుఖ్టు పార్కులో సగము లేచి దిగిన చేయిని నేను మీకు జ్ఞాపకము చేయుచున్నాను.

గడచిన వారము నాకు కిల్కెన్నీనుండి యొక జాబు వచ్చెను. లోన గీతలుగీసిన కాగితముపై పెద్ద పెద్ద యక్షరములతో నొక్కటే మాట: "పెదమా". ఒత్తులు రెండును లేవు. బల్లపైనున్న యెఱ్ఱకలము నా చేతికి వచ్చెను. కొంతసేపు పట్టుకొనియుండి దానిని మరల సొరుగులో బెట్టితిని. జాబును ఆ కోలకు పైగా గోడకు అంటించితిని.